కంచలో మంద ఉండాలా వద్దా?

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి పేరు దేశమంతా వినబడింది. 400 ఎకరాలు, బుల్డోజర్లు, విద్యార్థుల ఆందోళన, సుప్రీంకోర్టు స్టే, అన్నీ చూశాం. ఆ పేరులోని మొదటి మాట గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు, నాకేమో అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. కంచ అంటే మా వైపు పశువులు మేసే బీడు. ఇమారత్ కంచ కూడా ఆ కోవదే. హైదరాబాద్ చుట్టూ ఇవాళ మనం అడవి అని కాపాడమంటున్న నేలలో చాలా భాగం తరతరాలుగా గొర్లు, మేకలు, బర్రెలు మేస్తూ ఇలా తయారుచేసిన నేలే. అందుకే "ముందు కంచె వేసి పశువుల్ని ఆపేయండి, ప్రకృతి తనే కోలుకుంటుంది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

పోయిన కార్తీకంలో శంకర్‌పల్లి దారిలో ఒక మంద వెంట రెండు గంటలు నడిచాను. మందలో దాదాపు 120 జీవాలు, ఎక్కువగా నల్ల గొర్రెలు, గొంగడి నేసే ఉన్ని ఇచ్చే దక్కనీ జాతి, మధ్యలో కొన్ని మేకలు. "గొర్రె వంచిన తల ఎత్తదు బిడ్డా, మేక తల దించదు" అన్నాడు కాపరి తాత. కూర్చుని దగ్గరనుంచి చూస్తే నిజంగానే అంతే. గొర్రె పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది, దాంతో గరికను నేలకు ఆనుకుని కొరికేస్తుంది. మేక వెనక కాళ్ల మీద నిలబడి రేగు కంపలో ముళ్ల మధ్యనుంచి ఒక్కో ఆకే ఏరుకుంటుంది. బర్రె అయితే నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది కాబట్టి కింద కాస్త మోడు మిగులుతుంది. ఒక గొర్రె వీపు మీద ఏట్రింత పిట్ట కూర్చుంది, గిట్టల తాకిడికి ఎగిరే మిడతల్ని గాలిలోనే పట్టుకుంటోంది. దీనికి తెలుగులో పసుల పోలిగాడు అని ఇంకో పేరుంది, పేరులోనే పశువులున్నాయి చూడండి.

గడ్డి ఎదిగే చోటు మొదట్లో, నేలకు దగ్గరగా ఉంటుంది. పైన కొరికినా మళ్లీ వస్తుంది. చెట్టు, పొద మాత్రం కొన నుంచి ఎదుగుతాయి, లేత మొక్క కొనను ఏటా మేక తినేస్తుంటే అది చెట్టు కాలేదు. అందుకే మేత ఉన్నచోట గడ్డి నిలబడుతుంది. మేత పూర్తిగా ఆగిపోతే గడ్డి ముదిరి, ఎండి, కింద చిన్న మొక్కలకు వెలుతురు లేకుండా చేస్తుంది, ఎండాకాలంలో ఒక్క బీడీ ముక్క చాలు కంచంతా తగలబడటానికి. మెల్లగా పొదలు కమ్ముకుంటాయి. వనస్థలిపురం హరిణ వనస్థలిలో ఉన్న కృష్ణజింకలాంటి జంతువుకు కావలసింది దూరం కనబడే పచ్చిక, పొదల గుబురు కాదు.

దీన్ని అందరికంటే కష్టంగా నేర్చుకున్నది రాజస్థాన్‌లోని భరత్‌పూర్. అక్కడి కేవలాదేవ్ పక్షుల పార్కులో 1982లో పశువుల మేత బంద్ చేశారు. సలీం అలీ వంటి మహా పక్షి శాస్త్రవేత్త కూడా దాన్ని సమర్థించారు. ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ తర్వాత పార్కులో జరిగింది ఎవరూ ఊహించలేదు. బర్రెలు నీళ్లలో దిగి తినే పాస్పలం అనే గడ్డి, తినేవాళ్లు లేక చాపలా అల్లుకుపోయి నీటిని మూసేసింది. బాతులకు, కొంగలకు తేట నీరు తగ్గిపోయింది. సలీం అలీ పనిచేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పదేళ్లు పరిశీలించి 1991 నివేదికలో చెప్పింది కూడా ఇదే, బర్రెలే ఆ తడినేలను తెరిచి ఉంచాయని, వాటిని ఆపడంవల్ల పక్షులకు నష్టం జరిగిందని. మేత ఆపమన్న సంస్థే ఆ మాట ఒప్పుకుని రాసినందుకు నాకు దానిమీద గౌరవం పెరిగింది. పోయిన ప్రాణాలైతే తిరిగి రాలేదు.

అలాగని ఎన్ని పశువుల్నైనా వదిలేయొచ్చని కాదు. నెదర్లాండ్స్‌లో సముద్రాన్ని వెనక్కి నెట్టి తీసిన నేల మీద, ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనేచోట, 1983 నుంచి మొరటు జాతి పశువుల్ని, తర్వాత గుర్రాల్ని, జింకల్ని వదిలి మనిషి జోక్యం లేకుండా చూద్దామనుకున్నారు. చుట్టూ కంచె, లోపల తోడేళ్లు లేవు. మంద పెరుగుతూ పోయింది, మేత అయిపోయింది, 2017-18 చలికాలంలో మూడు వేలకు పైగా జంతువులు చచ్చిపోయాయి, వాటిలో చాలావాటిని ఆకలితో మాడకముందే తుపాకీతో కాల్చేయాల్సి వచ్చింది. జనం కంచె మీదనుంచి ఎండుగడ్డి విసిరారు. ఇంగ్లండ్‌లోని నెప్ ఎస్టేట్‌ వాళ్లు 3,500 ఎకరాల్లో ఆవులు, గుర్రాలు, పందులతో ఇలాంటి పనే చేస్తున్నారు కానీ ఏటా మంద సంఖ్యను తగ్గిస్తారు, తోడేలు చేయాల్సిన పని మనిషి చేస్తాడు. అక్కడ నైటింగేల్ పిట్టలు, పావురాల జాతి టర్టిల్ డవ్‌లు పెరిగాయి.

మన దగ్గర మితిమీరిన మేతను గుర్తుపట్టడానికి పరికరాలేం అక్కర్లేదు. మేకలు తంగేడును, సీతాఫలం ఆకును ముట్టవు. ఒక గుట్ట మీద ఆ రెండే మిగిలి, మధ్యలో ఎర్రమట్టి బయటపడితే అక్కడ మంద ఎక్కువైందని అర్థం. ఇంకో సంగతి సర్కారు తుమ్మ, బీడును కమ్మేసే ముళ్ల చెట్టు. దాని తియ్యటి కాయలు మేకలకు ప్రాణం, గింజలు కడుపులో అరగకుండా పెంటికల్లో వచ్చి మొలుస్తాయి. కాయలు రాలే నెలల్లో తుమ్మ కింద మేపి ఆ మందనే మంచి కంచలోకి తోలితే మనమే విత్తినట్టు.

పేడ విషయం కూడా చెప్పాలి. పేడపురుగులు పేడను నేలలోకి దించి ఎరువు చేస్తాయి, పిట్టలకు తిండీ అవుతాయి. పశువుకు ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు వేస్తే కొన్నాళ్లపాటు అది పేడలోకి వచ్చి ఆ పురుగుల పిల్లల్ని చంపుతుంది. మందు వేయొద్దని నేననను, జీవాలే పోతే కాపరి బతుకు పోతుంది. మందు వేసిన జీవాల్ని కొద్దిరోజులు కంచలోకి తోలకుండా ఊరి దగ్గర మేపుకుంటే చాలు.

నగరం లోపల మిగిలిన కంచలకు నేను కోరేది పెద్దదేం కాదు. తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా, అంటే జూన్ నుంచి దసరా దాటేవరకు నేలను వదిలేయాలి. తర్వాత తక్కువ మందను, ఒకచోట నాలుగైదు రోజులకు మించకుండా తిప్పాలి. నార్వేలో ఇప్పుడు మేకల మెడలో జీపీఎస్ కాలరు కడుతున్నారు, హద్దు దాటబోతే మోగుతుంది, వినకపోతే చిన్న షాక్ కొడుతుంది. శంకర్‌పల్లి తాత అదే పని నాలుకతో ఒక చప్పుడు చేసి చేయించాడు, ముందున్న గొర్రె ఆగింది, మందంతా ఆగింది. ఇలాంటి మనిషికి జీతమిచ్చి కంచను అప్పజెప్పడం మనకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

ఆ సాయంత్రం తిరిగొస్తుంటే ఒక వెంచర్ ప్రహరీ అడ్డమొచ్చింది. పోయినేడు అక్కడ మంద వెళ్లే దారి ఉండేదట. తాత కాసేపు గోడను చూసి, మందను తారు రోడ్డు మీదికి మళ్లించాడు. నేను రోడ్డు మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డాను, కార్లు హారన్ కొడుతూనే ఉన్నాయి, ఆఖరి మేకపిల్ల దాటేదాకా.