పొన్నంకి పిట్ట గురించి పిల్లలకు

ఏమర్రా పిల్లలూ, అందరూ కులాసానా?

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, మన తెలుగు మాట ఏదైనా ప్రపంచమంతా వాడుతున్నారా తాతయ్యా అని. ఉందర్రా. మనం రోజూ అనే మాటే, పిట్ట.

మనకి పిచ్చుకా పిట్టే, జీనువాయీ పిట్టే. పక్షుల శాస్త్రంలో మాత్రం అది ఒక్క కుటుంబానికే పేరు. వేడి దేశాల అడవుల్లో, చెట్ల కింద నేల మీద గెంతుతూ తిరిగే రంగురంగుల పక్షులవి. 40కి పైగా జాతులున్నాయి, ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా. ఎక్కడి శాస్త్రవేత్త అయినా వాటిని పిట్టలనే అంటాడు.

ఈ పేరు అంత దూరం ఎలా పోయిందంటే, 1713లో లండన్‌లో అచ్చయిన ఒక పక్షుల పుస్తకం చివర మద్రాసు నుంచి వెళ్ళిన పక్షుల వివరాలు చేర్చారు, అందులో ఒకదానికి మనవాళ్ళు పిలిచే పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు, పొన్నంకి పిట్ట అని. ఆ పేరు అక్కడివాళ్ళకి చెప్పిన తెలుగువాడెవరో గానీ, తలుచుకుంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో! తర్వాత 1766లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని తీసుకెళ్ళి కాకుల జాబితాలో కలిపేశాడు. ఆ పొరపాటు సరిదిద్ది 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పక్షులకి విడిగా ఒక ప్రజాతి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు, ఏర్పాటు చేసి, దానికి పిట్ట అనే పెట్టాడు. అందుకే మన పొన్నంకి పిట్ట శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియూరా. మొదటి మాట తెలుగు, రెండోది గ్రీకు నుంచి వచ్చింది, పొట్టి తోకది అని అర్థం. నిజంగానే తోక ఉందా లేదా అన్నట్టుంటుంది.

హిందీవాళ్ళు నవరంగ్ అంటారు. వీపు ఆకుపచ్చ, రెక్కల మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, గొంతు తెలుపు, పొట్ట లేత పసుపు, తోక కింద ఎరుపు. ఇన్ని రంగులున్నా ఎండుటాకుల్లో కదలకుండా నిలబడితే కనిపించదు, ముందు చెవితోనే వెతకాలి. తమిళులు ఆరుమణి కురువి, అంటే ఆరు గంటల పిట్ట అంటారు, ఎందుకంటే తెల్లారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ కూస్తుంది. రెండు స్వరాల ఈల, తోటంతా వినిపిస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది దీనికి అచ్చంగా సరిపోతుంది.

ఇది వానాకాలంలో హిమాలయాల దిగువనా మధ్య భారతం అడవుల్లోనా గూడు కట్టి పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. అందుకని మన కోనసీమలో చెవులు రిక్కించాల్సింది సెప్టెంబరు, అక్టోబరుల్లో, మళ్ళీ అది తిరిగి వెళ్ళే ఏప్రిల్, మే నెలల్లో. కొబ్బరి, కోకో తోటల్లో రాలిన ఆకులు మందంగా పరుచుకున్న చోట చూడండి. ఆ ఆకుల్ని ముక్కుతో తిప్పి కిందున్న పురుగుల్నీ వానపాముల్నీ తింటుంది. తోట శుభ్రం అంటూ ఆకులన్నీ ఊడ్చి తగలబెడితే దానికి తిండి ఎక్కడిది? ఈ మాట మీ నాన్నలకి కూడా చెప్పండి, నేను చెబితే వినడం లేదు.

ఇంకో సంగతి. రాత్రిపూట ఎగిరి ఎగిరి అలిసిపోయి, ఒక్కోసారి ఇళ్ళల్లోకి వచ్చి పడుతుంది. అలా దొరికితే టెన్షన్ పడకండి, ఫోటోలకని చేతుల్లో పట్టుకుని తిప్పకండి. నోట్లో నీళ్ళు పోయొద్దు. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, పిల్లులు రాని చీకటి మూల పెట్టండి. తేరుకున్నాక తోటలో చెట్ల కింద పెట్టె మూత తీసి దూరంగా జరగండి. దెబ్బ తగిలినట్టుంటే అటవీశాఖవాళ్ళకి ఫోన్ చేయమని పెద్దవాళ్ళకి చెప్పండి.

కనబడితే నాకు వెంటనే రాయండి, ఏ తోటలో, ఏ వేళకో కూడా.

మీ తాతయ్య