విరిగిన ముక్కను చూడండి: ఉక్కు గురించి అపోహలు - వాస్తవాలు

బాలానగర్‌లో ఇరవై రెండేళ్లుగా హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును వేడిచేసి, చల్లార్చి దాని గుణం మార్చే) పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఏ స్టీలు వాడమంటారు?" అని. అడగాల్సిందే, కానీ అది సగం ప్రశ్న. ఒకే కడ్డీని రెండు ముక్కలు చేసి, ఎర్రగా కాల్చి, ఒకదాన్ని నీళ్లలో ముంచి రెండోదాన్ని ఫర్నేస్‌లోనే వదిలేస్తే, మర్నాటికి అవి రెండు వేరే లోహాల్లా ఉంటాయి. రెండింటిలో ఉన్న సరుకు ఒకటే. లోపల పరమాణువుల పేర్పు మారింది, అంతే. ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది

"అన్నా, ఎంత హార్డ్‌నెస్ వస్తే అంత ఇచ్చెయ్" అంటారు. దీనికి జవాబు మీ వంటింట్లోనే ఉంది. పెద్ద కుట్టుసూదిని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చండి. మెల్లమెల్లగా మంటలోంచి పైకి లేపుతూ చల్లారనివ్వండి. వంచితే తీగలా వంగిపోతుంది. దాన్నే మళ్లీ ఎర్రగా కాల్చి, ఈసారి గభాలున నీళ్లలో ముంచండి. వంచబోతే టప్పున విరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని చేయండి, ముక్క ఎగురుతుంది.

ఎర్రగా కాలిన ఇనుములో పరమాణువుల మధ్య సందులు కార్బన్‌కు వీలుగా ఉంటాయి. ఆ అమరికలో నూటికి 2 పాళ్ల దాకా కార్బన్ ఇముడుతుంది. చల్లబడ్డాక వచ్చే అమరికలో 0.02 పాళ్లకు కూడా చోటు ఉండదు. మెల్లగా చల్లారితే కార్బన్ బయటికి వచ్చి, ఇనుముతో కలిసి సన్నటి పొరలుగా సర్దుకుంటుంది. ఒక్కసారిగా చల్లారిస్తే సర్దుకునే టైమ్ దొరకదు. సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో జనంలా ఉన్నచోటే ఇరుక్కుపోతుంది. ఎవరూ కదలలేరు కాబట్టి ముక్క గట్టిగా ఉంటుంది. కదలలేరు కాబట్టే దెబ్బ తగిలితే వంగకుండా పగులుతుంది. ఈ స్థితిని మార్టెన్‌సైట్ అంటాం.

అందుకే హార్డెనింగ్ (ఇలా గట్టిపరచడం) తర్వాత టెంపరింగ్ చేస్తాం, అంటే మళ్లీ కాస్త వేడి చేస్తాం. గట్టిపడిన ఇంకో సూదిని ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, మంటకు కొంచెం దూరంగా పట్టుకుని చూడండి. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత నెమలి కంఠంలాంటి నీలం వస్తుంది. నీలం వచ్చాక తీసేస్తే ఆ సూది స్ప్రింగులా వంగి మళ్లీ నిటారుగా నిలబడుతుంది. మొన్న ఒకాయన టెంపరింగ్‌కు రెండు గంటలు ఆగలేక పంచ్‌ను (రేకులో రంధ్రాలు కొట్టే పనిముట్టును) అలాగే పట్టుకెళ్లారు. మధ్యాహ్నానికి మూడు ముక్కలుగా తిరిగొచ్చింది.

అపోహ: టీఎంటీ రాడ్‌లో 550 అంటే 500 కంటే మేలు, కాల్చి వంచినా ఏమీ కాదు

ఇల్లు కట్టుకునేవాళ్లు ఇది శ్రద్ధగా చదవాలని నా కోరిక. టీఎంటీ రాడ్ లోపలా బయటా ఒకేలా ఉండదు. రోలింగ్ మిల్లు నుంచి వెయ్యి డిగ్రీల దరిదాపు వేడితో బయటికొచ్చిన రాడ్ మీద నీళ్లు జోరుగా కొడతారు. పైపొర క్షణాల్లో మార్టెన్‌సైట్ అవుతుంది, లోపలి గుండె ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ లోపలి వేడి బయటికి వస్తూ పైపొరను తనే టెంపర్ చేస్తుంది. రాడ్‌ను అడ్డంగా కోసి, నున్నగా రుద్ది, నైట్రిక్ ఆసిడ్ కలిపిన ఆల్కహాల్ పూయండి. చుట్టూ నల్లటి రింగు, మధ్యలో లేత రంగు కనిపిస్తాయి. రింగు బలాన్నిస్తుంది, మధ్యభాగం సాగే గుణాన్నిస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ రింగు నాకు ముచ్చటగానే ఉంటుంది.

సైటులో వంగడం లేదని గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి వంచితే, అక్కడ ఆ రింగే పోతుంది. పైకి రాడ్ మామూలుగానే కనిపిస్తుంది, కానీ ఆ జానెడు భాగం మెత్తబడిపోయింది. మీ మేస్త్రి కాలుస్తుంటే మొహమాటపడకుండా ఆపండి.

ఇక నంబర్ల సంగతి. 500, 550 అనేవి రాడ్ శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే బలాన్ని చెబుతాయి. తెగేలోపు ఎంత సాగుతుందో చెప్పవు. ఈ రాడ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 550 గ్రేడ్ కనీసం 10 శాతం సాగితే చాలు. ఎఫ్‌ఈ 500డి మాత్రం కనీసం 16 శాతం సాగాలి. భూకంపంలో ఇల్లు ఊగినప్పుడు సాగే రాడ్ మనుషులు బయటపడేందుకు కాస్త టైమ్ ఇస్తుంది. నేనైతే ఆ 'డి' (డక్టిలిటీ, అంటే సాగే గుణం) అక్షరం చూసి కొంటాను. ఇంజినీరు డిజైన్‌లో ఏ గ్రేడ్ రాశారో అదే వాడాలి, పెద్ద నంబర్ అని సొంతంగా మార్చకూడదు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అసలైన స్టెయిన్‌లెస్

కొట్టుకు అయస్కాంతం పట్టుకెళ్లేవాళ్లకు ఒక మాట. 304 అనే స్టెయిన్‌లెస్ గ్రేడ్‌లో నికెల్ వల్ల, ఎర్రగా కాలిన ఇనుములో ఉండే అమరికే చల్లారాక కూడా నిలిచిపోతుంది. ఆ అమరికకు అయస్కాంతం అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చౌక 200 సిరీస్ కూడా అంటుకోదు, కానీ ఉప్పు తగిలితే త్వరగా తుప్పు పడుతుంది. 430 గ్రేడ్ అంటుకుంటుంది, అయినా స్టెయిన్‌లెస్సే. పైగా 304 సింక్‌లో ప్రెస్‌తో బాగా వంచిన మూలల దగ్గర అయస్కాంతం కాస్త లాగుతుంది, ఆ ఒత్తిడికి అక్కడ అమరిక మారిపోతుంది కాబట్టి. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి.

అపోహ: వాడి వాడి ఇనుము క్రిస్టలైజ్ అయిపోయి విరిగింది

షాఫ్ట్ విరిగితే మెకానిక్‌లు ఇప్పటికీ ఇదే అంటారు. విరిగినచోట గరుకుగా, పలుకులు పలుకులుగా మెరుస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ ఇనుము మొదటి రోజు నుంచీ స్ఫటికమే (క్రిస్టలే), అంటే దాని పరమాణువులు ముందునుంచీ వరుసగా పేర్చినట్టే ఉంటాయి. కొత్తగా పుట్టుకొచ్చిన పలుకులేమీ లేవు. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర రైలింజన్ ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. అప్పుడూ చాలామంది ఇదే మాట అన్నారు. ఆ మరుసటి ఏడాదే స్కాట్లాండ్ ఇంజినీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి, పగులు ఒక మూల నుంచి మెల్లగా లోపలికి పాకిందని చూపించాడు.

పోయిన నెల మా దగ్గరికొచ్చిన పంపు షాఫ్ట్ కూడా అంతే. విరిగిన ముఖం మీద సగం దాకా ఆల్చిప్ప మీది గీతల్లా వంపులు, మిగతా సగం గరుకు. పగులు మెల్లగా పాకిన గుర్తులైన ఆ వంపులన్నీ కీ గాడి (షాఫ్ట్ మీద చక్రం జారకుండా కీ బిగించే గాడి) మూల దగ్గర మొదలయ్యాయి. "ఈసారి ఇంకా మంచి స్టీలు వేద్దాం సార్" అన్నారు తెచ్చినాయన. స్టీలు మార్చలేదు. గాడి మూలను గుండ్రంగా తిప్పించి, నున్నగా చేయించి, అదే గ్రేడ్‌లో కొత్త షాఫ్ట్ హార్డెనింగ్, టెంపరింగ్ చేసి ఇచ్చాం.