ఫైళ్లన్నీ వచ్చాయి, విండోస్ ఎందుకు ఎక్కలేదు?

చిరంజీవులు చిన్నూకీ, స్వీటీకీ తాతయ్య దీవెనలు. ఇక్కడ మేం క్షేమం. ఎండలు ముదిరాక నానమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

నిన్న చిన్నూ ఫోన్లో అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. పాత కంప్యూటర్‌లో 320 జీబీ హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తోందని నాన్న 480 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చాడు. సెలవులే కదా అని మీరిద్దరూ కూర్చుని సీ డ్రైవ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి కొత్తదాంట్లో పేస్ట్ కొట్టారు. రాత్రంతా కాపీ నడిచింది. పొద్దున్నే కొత్తది బిగించి స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు: బూటబుల్ డివైస్ లేదట, అంటే కంప్యూటర్‌ని లేపగల డిస్కు దొరకలేదని. “అన్ని ఫైళ్లూ అందులోనే ఉన్నాయి కదా తాతయ్యా, మరెందుకు ఎక్కట్లేదు?” అని కదూ అడిగావు.

ఫోన్లో చెబితే మధ్యలో మీ కళ్లు టీవీ మీదికి పోతాయి. అందుకని కాగితం తీశాను.

నా చిన్నప్పుడు మా మెట్ట చేలకి కరెంటు రాలేదు. బావి దగ్గర డీజిల్ ఇంజను, దానికి బెల్టుతో తిరిగే పంపు ఉండేవి. ఇంజను స్టార్ట్ చేసినంత మాత్రాన నీళ్లు రావు. పంపు లోపల గాలి ఉంటే అది ఆ గాలినే తిప్పుతూ ఉంటుంది. కింద నిండు బావి ఉన్నా పైకి చుక్క రాదు. అందుకని ముందు పంపు నెత్తిన ఉన్న గరాటులో బిందెలతో నీళ్లు పోయాలి. లోపలి గాలి బుడబుడమని బయటికొచ్చి, పంపూ కింది పైపూ నిండాక, అప్పుడు ఇంజను తిప్పాలి. నీళ్లు తోడే యంత్రానికి మనమే ముందు నీళ్లు పొయ్యడమేమిటని నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. మా నాయన్ని అడిగితే “ముందు పొయ్యరా, తర్వాత అడుగుదువు గాని” అనేవాడు.

బిందె మొయ్యడం నా డ్యూటీ. ఇంజను హ్యాండిల్ మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఎదురు తిరిగితే మణికట్టు విరుగుతుందని. పైపు అడుగున నీళ్లు కిందికి జారకుండా ఫుట్ వాల్వు అని ఒకటి ఉంటుంది. దాని తోలు వాషర్ అరిగిందంటే పోసిన నీళ్లు పోసినట్టే బావిలోకి దిగిపోయేవి. అప్పుడు పేడ కలిపిన నీళ్లు పొయ్యమనేవాడు. ఆ పేడ పోయి సందులో పట్టుకుని కాసేపు నీళ్లని ఆపేది. ఈలోగా ఇంజను అందుకుందా, ఇక చూడాలి! పైపు ఒక్కసారి దగ్గి, ముందు ఆ పేడ నీళ్లన్నీ మన మొహాన కొట్టి, తర్వాత తెల్లటి ధార. తొట్టిలో దిగి పీకల్దాకా కూర్చుంటే మా అమ్మ గట్టు మీంచి అరిచేది. ఏ చేలో ఎవరి ఇంజను ఆడుతోందో చప్పుడుని బట్టే చెప్పేవాళ్లం. సరే, అదంతా ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ కంప్యూటర్ ఆ ఫుట్ వాల్వు పోయిన పంపు. కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే జ్ఞాపకాన్ని ర్యామ్ అంటారు. కరెంటు తీస్తే అందులో ఉన్నదంతా దిగిపోతుంది. మళ్లీ స్విచ్ వేసేసరికి లోపల ఖాళీ. విండోస్ డిస్కులోనే ఉంది, కాదనను. కానీ దాన్ని ర్యామ్‌లోకి ఎక్కించడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామూ డిస్కులోనే ఉందంటే, మరి దాన్ని ఎవరు ఎక్కిస్తారు? నీళ్లు రావాలంటే ముందు నీళ్లు ఉండాలన్నట్టే.

మదర్‌బోర్డు మీద బయోస్ అనే ప్రోగ్రామ్ దాచుకున్న చిన్న చిప్పు ఉంటుంది. కరెంటు పోయినా దానికి మరపు లేదు. మీ పాత కంప్యూటర్‌లో విండోస్‌ని ఎక్కించే విషయంలో అది చేసే పని ఒక్కటే: డిస్కు మొట్టమొదటి సెక్టార్ నుంచి, అంటే మొదటి గదిలోంచి, 512 బైట్లు తెచ్చి ర్యామ్‌లో పోస్తుంది. ఆ ఒక్క బిందెతో దాని పని సరి. ఆ 512లో 64 బైట్లు డిస్కుని ఎన్ని ముక్కలుగా పంచారో చెప్పే పట్టిక. చివరి రెండు బైట్లు ఒక గుర్తు. మిగతా 446లోనే బండిని కదిలించే ప్రోగ్రామ్ మొత్తం ఇమడాలి. కంప్యూటర్ మన తెలుగుని దాచుకునేటప్పుడు అక్షరానికి, గుణింతపు గుర్తుకి దేనికదే 3 బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన ఈ ఉత్తరంలో రెండో పేరా కూడా 446 బైట్లలో పట్టదు. అంతలో ఒక ప్రోగ్రామ్ ఇమిడ్చారు చూడండి, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ బుల్లి ప్రోగ్రామ్ పట్టికలో చూసి, యాక్టివ్ అని గుర్తున్న ముక్క ఏదో వెతుకుతుంది. మీ డిస్కులో అది సిస్టమ్ రిజర్వ్డ్ అనే చిన్న పార్టిషన్, సుమారు 100 ఎంబీ. అందులో ఉన్న బూట్ మేనేజర్ నిద్రలేచి విండోస్‌ని పిలుస్తుంది. బిందెడు నీళ్లు పంపుని తడిపితే పంపు బావిని తోడినట్టు. ఇదంతా మీరు స్విచ్ వేసి మంచినీళ్లు తాగొచ్చేలోపు అయిపోతుంది.

ఇప్పుడు మీ కాపీలో ఏం రాలేదో మీకే తెలిసి ఉంటుంది. మొదటి సెక్టార్ ఏ ఫోల్డర్‌లోనూ ఉండదు, అది ఫైలే కాదు. ఆ 100 ఎంబీ ముక్కకి సీ, డీ లాంటి అక్షరం ఉండదు కాబట్టి మీ కంటికి కనపడదు. యాక్టివ్ గుర్తు పేస్ట్ చేస్తే వచ్చేది కాదు. పైగా విండోస్ నడుస్తున్నప్పుడు తను వాడుకుంటున్న ఫైళ్లలో కొన్నింటిని కాపీ చెయ్యనివ్వదు. కొత్త బావి నిండా నీళ్లు పోశారు, పంపులో మాత్రం పొయ్యలేదు.

ఈ చిక్కు కొత్తదేం కాదు. మా ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, విండోస్‌కి ముందు కాలపు డాస్ ఉన్న ఫ్లాపీ డిస్కులు ఉండేవి. ఫ్లాపీలో కనిపించేవన్నీ కాపీ చేసినా అది ‘నాన్ సిస్టమ్ డిస్క్’ అని మొరాయించేది. సిస్ అనే కమాండ్ విడిగా కొడితేనే బూట్ సెక్టార్, దాంతోపాటు దాచిపెట్టిన ఫైళ్లు వచ్చేవి. తర్వాత 1995లో న్యూజీలాండ్‌లో ముర్రే హాజర్డ్ అనే ఆయన డిస్కుకి డిస్కే దించేసే ఘోస్ట్ అనే ప్రోగ్రామ్ రాశాడు. 1998లో దాన్ని సిమాంటెక్ కొనుక్కుంది. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో కుర్రాళ్లు “ఘోస్ట్ కొట్టి ఇస్తా సార్, అరగంటలో అయిపోద్ది” అనేవాళ్లు.

మీరు ఇప్పుడు క్లోన్‌జిల్లా వాడండి. అదీ డిస్కుకి డిస్కే దించేదే. తైవాన్ వాళ్లది, ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాని మీదనుంచే కంప్యూటర్ స్టార్ట్ చెయ్యాలి. అప్పుడు విండోస్ పడుకుని ఉంటుంది కాబట్టి ఏ ఫైలూ అడ్డం చెప్పదు. కొత్త డిస్కుని సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో తగిలించండి. పాతదానికంటే కొత్తది పెద్దదే కనుక చోటు గొడవ లేదు. మధ్యలో అది ‘బూట్ లోడర్ కూడా కాపీ చెయ్యాలా, మొదటి 446 బైట్లు’ అని ఇంగ్లిష్‌లో అడుగుతుంది. ఆ అంకె కనబడగానే నన్ను తలుచుకుని వై కొట్టండి.

ఒక్క సంగతి మాత్రం చెప్పినట్టు వినండి. ఏది సోర్స్, ఏది టార్గెట్ అని అడిగినప్పుడు తొందర వద్దు. తారుమారైతే ఖాళీ డిస్కు మీ ఫొటోల మీద కూర్చుంటుంది, ఆపైన ఏడ్చినా రావు. రెండు డిస్కుల సైజులూ చీటీ మీద రాసుకోండి. చిన్నూ చదవాలి, స్వీటీ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాలి, తర్వాతే ఎంటర్. పెద్దవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు, “నాకు తెలుసులే” అనుకుని.

అయ్యాక పాత డిస్కుని విప్పేసి కొత్తదాంతోనే స్టార్ట్ చేసి చూడండి. రెండూ ఉంటే రెంటికీ ఒకటే గుర్తు నంబరు కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. అసలు ఏది నడుస్తోందో మీకూ తెలీదు. వారం రోజులు కొత్తది బాగా నడిచేదాకా పాతదాన్ని చెరపొద్దు, బీరువాలో పెట్టండి.

నాన్న ల్యాప్‌టాప్‌లో సంగతి వేరు. అందులో బయోస్ బదులు యూఈఎఫ్ఐ. దానికి ఫైళ్లు చదవడం వచ్చు, కాబట్టి 446 బైట్ల అవసరం లేదు. ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉన్న ఫైలుని అదే తెచ్చుకుంటుంది. బోరులో దింపే సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలోనే ఉంటుంది, దానికి ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు, అలాగన్నమాట. పోలిక కొంచెం సాగింది, సర్దుకోండి. అక్కడ కూడా ఆ చిన్న పార్టిషన్ కాపీలో రాకపోతే కథ మళ్లీ మొదటికే.

నేను చెప్పడం కంటే మీరే చూస్తే బాగుంటుంది. డిస్కులోని బైట్లని ఉన్నవున్నట్టు చూపించే హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, నాన్నని అడిగి మీ పాత కంప్యూటర్‌లోనే అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. టూల్స్‌లో ఓపెన్ డిస్క్ నొక్కి, పైన సీ అని కాకుండా కింద ఫిజికల్ డిస్కుల జాబితాలో హార్డ్ డిస్క్ ఎంచుకోండి. రీడ్ ఓన్లీ అన్న టిక్ అలాగే ఉంచండి, దాని జోలికి పోవద్దు. మొదటి సెక్టారే తెరుచుకుంటుంది. దాని ఆఖర్న 55, తర్వాత ఏఏ ఉండాలి. నేను చెప్పిన రెండు బైట్ల గుర్తు అదే. ఇక కుడి పక్క వరసలో పిచ్చి అక్షరాల మధ్య ఇంగ్లిష్ వాక్యాలు రెండు మూడు కనిపిస్తాయి. బండి కదలకపోతే స్క్రీన్ మీద చూపించడానికి దాచుకున్న మాటలు అవి. ఏమని రాసి ఉందో కాగితం మీద ఎక్కించుకుని ఆదివారం ఫోన్లో నాకు చదివి వినిపించండి.

మీ
తాతయ్య