కొండల్లో దళపతి, దిలిలో ప్రధాని: షనానా గుస్మావ్ నడిచిన దారి

2025 అక్టోబర్ 26న కౌలాలంపూర్‌లో తిమోర్ లెస్టే ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమిలో 11వ సభ్యదేశంగా చేరింది. ఆ దేశ ప్రధాని షనానా గుస్మావ్ వేదిక మీద తీవ్ర భావోద్వేగానికి లోనయ్యారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. 2011లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు కూడా ప్రధాని ఆయనే. కౌలాలంపూర్ సభకు నెలన్నర ముందు రాజధాని దిలి నగరంలో వేలమంది విద్యార్థులు రోడ్డెక్కారు. 65 మంది ఎంపీలకు కొత్త కార్లు కొనాలన్న ప్రతిపాదన మీద వాళ్లకు ఒళ్లు మండింది. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. చివరికి పార్లమెంటు దిగొచ్చి కార్లు వద్దంది, ఎంపీల జీవితకాల పెన్షన్ కూడా రద్దు చేసింది.

1981లో ఒక గెరిల్లా సైన్యానికి నాయకుడైన మనిషి, నాలుగు దశాబ్దాలు దాటినా ఆ దేశ రాజకీయాలకు ఇరుసుగా ఎలా మిగిలిపోయారు? స్వాతంత్ర్యం తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ రాజకీయాల మీదే ఎందుకు కోపంగా ఉన్నారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది. దానికోసం చాలా వెనక్కి వెళ్లాలి.

తిమోర్ ద్వీపాన్ని పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు చెరిసగం పంచుకున్నారు. డచ్ వాటా ఇండోనేషియాలో భాగమైంది. తూర్పు సగం, అంటే ఇప్పటి తిమోర్ లెస్టే, పోర్చుగల్ చేతిలోనే ఉండిపోయింది. 1946 జూన్ 20న మనతూతో పట్టణంలో ఇద్దరు బడిపంతుళ్లకు పుట్టిన కొడుకు జోసె అలెగ్జాండ్రె గుస్మావ్, షనానా అసలు పేరు ఇదే. దిలి పక్కన కొండమీద దారె అనే ఊళ్లోని జెసూట్ సెమినరీలో చదివి, మధ్యలోనే మానేశారు. చిన్నాచితకా పనులు చేసుకుంటూ రాత్రిబడిలో చదువు కొనసాగించారు. పోర్చుగీసు సైన్యంలో నిర్బంధ సేవకింద మూడేళ్లు పనిచేశారు. ఆ తర్వాత స్థానిక పత్రికలో చేరారు. అప్పటికి ఆయన విప్లవకారుడేమీ కాదు, కవిత్వమంటే ఇష్టమున్న చిరుద్యోగి.

1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నియంతృత్వం కూలడంతో వలసలన్నింటికీ తలుపులు తెరుచుకున్నాయి. తిమోర్‌లో పార్టీలు పుట్టాయి. వాటి మధ్య 1975 ఆగస్టులో చిన్నపాటి అంతర్యుద్ధం నడిచింది. అందులో గెలిచిన వామపక్ష ఫ్రెటిలిన్ పార్టీ నవంబర్ 28న స్వాతంత్ర్యం ప్రకటించింది. గుస్మావ్ అప్పటికే ఆ పార్టీలో ఉన్నారు. తొమ్మిది రోజులు తిరక్కుండానే, డిసెంబర్ 7న, ఇండోనేషియా సైన్యం దిలి మీద పడింది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ జకార్తాలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తోను కలిసి వెళ్లారు. వియత్నాం చేజారిన ఏడాది అది. ఇంకో చిన్న ద్వీపంలో ఎర్రజెండా ఎగరడం వాషింగ్టన్‌కు ఇష్టం లేదు. మన దేశం సంగతి కూడా చెప్పాలి. ఇండోనేషియా సైన్యం వెనక్కి పోవాలంటూ ఆ నెలలోనే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో వచ్చిన తీర్మానాన్ని వ్యతిరేకించిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. పోర్చుగల్‌తో గోవా గొడవ, ఇండోనేషియాతో అలీనోద్యమ స్నేహం మన కళ్లకు అడ్డుపడ్డాయనుకుంటాను. వలసపాలన నుంచి బయటపడ్డ దేశం ఇంకో వలసను సమర్థించడం తలదించుకోవాల్సిన విషయమే.

తర్వాతి నాలుగేళ్లు తిమోర్ ప్రజలకు నరకం. సైన్యం కొండల్ని చుట్టుముట్టి, విమానాలతో బాంబులు వేసి, పంటలు తగలబెట్టింది. లొంగిపోయి కిందికి దిగినవాళ్లను శిబిరాల్లో పెడితే అక్కడ తిండిలేక చనిపోయారు. 1978 డిసెంబర్ 31న ప్రతిఘటన నాయకుడు నికొలావ్ లొబాతోను కాల్చి చంపారు. కేంద్ర నాయకత్వంలో బతికి బయటపడ్డవాళ్లు గుప్పెడుమంది, వాళ్లలో గుస్మావ్ ఒకరు. 1974 నుంచి 1999 వరకు ఈ సంఘర్షణ వల్ల కనీసం 1,02,800 మంది చనిపోయారని తిమోర్ సత్యశోధన కమిషన్ తర్వాత లెక్కగట్టింది. అందులో 84,200 మంది ఆకలికీ జబ్బులకూ బలైనవాళ్లు. ఆ దేశ జనాభా ఈరోజుకు కూడా మన విశాఖపట్నం నగరం కంటే తక్కువ. ఆ లెక్కన ఊహించుకుంటే ఏ ఇల్లూ చావు చూడకుండా మిగల్లేదని అర్థమవుతుంది.

గుస్మావ్ ఊరూరా నడిచి, చెల్లాచెదురైన దళాలను వెతికి పట్టుకుని మళ్లీ కూడగట్టారు. 1981లో ఫాలింటిల్ అనే ఆ గెరిల్లా సైన్యానికి నాయకుడయ్యారు. 1983లో ఇండోనేషియా కమాండర్‌తో ముఖాముఖి కూర్చుని కాల్పుల విరమణ కుదుర్చుకున్నారు. అది కొద్ది నెలలే నిలిచింది. ఆగస్టులో మళ్లీ పోరు మొదలైంది. క్రారాస్ గ్రామంలో సైన్యం జరిపిన సామూహిక హత్యల తర్వాత ఆ ఊరికి వితంతువుల ఊరన్న పేరు పడింది.

ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద మలుపు నా దృష్టిలో తుపాకీ పట్టిన రోజు కాదు, పార్టీని వదిలిన రోజు. 1987 డిసెంబర్‌లో గుస్మావ్ ఫ్రెటిలిన్ నుంచి బయటికొచ్చి, ఫాలింటిల్‌ను ఏ పార్టీకీ చెందని జాతీయ సైన్యంగా ప్రకటించారు. మార్క్సిస్టు-లెనినిస్టు ముద్ర ఉన్నంతకాలం కేథలిక్ చర్చి దగ్గరికి రాదు, ఓడిన పార్టీలవాళ్లు కలవరు, పాశ్చాత్య దేశాలు చెవిన పెట్టవు అన్నది ఆయన లెక్క. విదేశాల్లో ఉన్న ఫ్రెటిలిన్ నాయకుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. కానీ ఫలితం కళ్ల ముందు కనిపించింది. కొండల్లో కొద్దిమంది గెరిల్లాలు, పట్టణాల్లో విద్యార్థుల రహస్య సంఘాలు, విదేశాల్లో జోసె రామోస్ హోర్టా దౌత్యం, ఈ మూడూ ఒకే మనిషి చుట్టూ అల్లుకున్నాయి. పార్టీలకు అతీతంగా నిలబడ్డం వల్లే ఆయన అందరివాడయ్యారు. ఆ అలవాటే తర్వాత సమస్య కూడా అయింది.

1991 నవంబర్ 12న దిలిలోని శాంతా క్రూజ్ శ్మశానానికి ఊరేగింపుగా వెళ్లిన యువకుల మీద సైన్యం కాల్పులు జరిపింది. 250 మందికి పైగా చనిపోయారు. బ్రిటిష్ పాత్రికేయుడు మాక్స్ స్టాల్ ఆ దృశ్యాలను చిత్రీకరించి, క్యాసెట్‌ను సమాధి మట్టిలో దాచి, తర్వాత బయటికి చేర్చారు. పదహారేళ్లుగా పట్టని ప్రపంచం అప్పుడు చూసింది.

ఏడాది తిరిగేసరికి, 1992 నవంబర్ 20న, దిలిలో తలదాచుకున్న ఇంట్లోనే గుస్మావ్ పట్టుబడ్డారు. కొద్దిరోజుల్లో ఇండోనేషియా టీవీ ఆయన్ని చూపించింది. పోరాటం ఆపేయండని సహచరులకు చెబుతున్న గుస్మావ్‌ను చూసి కొండల్లో ఉన్నవాళ్ల గుండె జారిపోయింది. 1993లో దిలి కోర్టులో విచారణ నడిచింది. చివర్లో తన వాదన చదవడానికి ఆయన పోర్చుగీసులో రాసుకున్న కాగితాలతో లేచారు. టీవీలో పలికించిన మాటలకు విలువ లేదు, నేను ఇండోనేషియా పౌరుణ్ని కాను అన్నది అందులోని సారాంశం. కాసేపు చదివారో లేదో, న్యాయమూర్తి ఆపేయమన్నారు. అయితే ఆ కాగితాలు రహస్యంగా జైలు దాటి ప్రపంచానికి చేరాయి. మే 21న యావజ్జీవ శిక్ష పడింది. సుహార్తో దాన్ని 20 ఏళ్లకు తగ్గించారు.

జకార్తాలోని చిపినాంగ్ జైలు ఆయనకు మరో స్థావరమైంది. బొమ్మలు వేశారు, కవితలు రాశారు, చేతులు మారే చీటీలతో ఉద్యమాన్ని నడిపారు. ఆ చీటీలు మోసినవాళ్లలో ఒకరైన ఆస్ట్రేలియా మహిళ కిర్స్టీ స్వోర్డ్‌ను 2000లో పెళ్లాడారు. 1996లో రామోస్ హోర్టా, బిషప్ బెలోలకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1997 జూలైలో జకార్తా వచ్చిన మండేలా ఖైదీ గుస్మావ్‌ను కలవాలని పట్టుబట్టారు. జైలు నుంచి ప్రభుత్వ అతిథిగృహానికి తీసుకొచ్చి కలిపించక తప్పలేదు సుహార్తోకు. మరో పది నెలలకు సుహార్తోనే గద్దె దిగారు.

వారసుడు హబీబీ ప్రజాభిప్రాయ సేకరణకు ఒప్పుకున్నారు. 1999 ఆగస్టు 30న ఓటర్లలో 98 శాతానికి పైగా ఓటేస్తే, 78.5 శాతం మంది స్వాతంత్ర్యం వైపు నిలిచారు. ఫలితం వెలువడగానే సైన్యం అండతో మిలీషియాలు చెలరేగాయి. ఆ ఏడాది హింసలో సుమారు 1,400 మంది చనిపోయారు. దిలిలో ఇళ్లు, బళ్లు, కార్యాలయాలు చాలావరకు బూడిదయ్యాయి. రెండు లక్షలకు పైగా జనం పశ్చిమ తిమోర్‌కు చేరారు, ఎక్కువమందిని బలవంతంగా తరలించారు. ఫాలింటిల్ యోధులు అప్పుడు శిబిరాల్లోనే ఉన్నారు. చేతిలో తుపాకులున్నాయి, కింద తమ ఇళ్లు తగలబడుతున్నాయి. జకార్తాలో గృహనిర్బంధంలో ఉన్న గుస్మావ్ మాత్రం కదలొద్దని కబురు పెట్టారు. వాళ్లు ఎదురుకాల్పులు మొదలుపెడితే అంతర్యుద్ధమని ఇండోనేషియా ప్రపంచాన్ని నమ్మించేది, అంతర్జాతీయ సేన వచ్చేది కాదు. యోధులు ఆయన మాట విన్నారు. సెప్టెంబర్ 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో ఆ సేన దిగింది. అంత బాధలో అంత నిగ్రహం చూపించిన గెరిల్లా సైన్యాలు చరిత్రలో అరుదు.

2002 ఏప్రిల్‌లో సుమారు 83 శాతం ఓట్లతో గుస్మావ్ అధ్యక్షుడయ్యారు. మే 20న స్వాతంత్ర్య వేడుకకు ఇండోనేషియా అధ్యక్షురాలు మేఘావతి వస్తే, ఆమె చెయ్యి పట్టుకుని జనానికి చూపించారు. పక్కనున్న పెద్ద దేశంతో పగ పెట్టుకుని బతకలేమన్నది ఆయన పట్టుదల. అంతర్జాతీయ న్యాయస్థానం కావాలన్న బాధితుల కుటుంబాల కోరికను పక్కనపెట్టి, ఇండోనేషియాతో కలిసి సత్య-స్నేహ కమిషన్ వేశారు. దేశావసరం అర్థమవుతుంది. కానీ బిడ్డ శవం కూడా దొరకని తల్లికి ఆ జవాబు సరిపోదు. ఆ బాకీ ఇంకా తీరలేదు.

2006లో అసలు పరీక్ష వచ్చింది. తూర్పు జిల్లాలవాళ్లకే పదోన్నతులు ఇస్తున్నారంటూ పడమటి జిల్లాల సైనికులు ఆందోళనకు దిగితే, దాదాపు 600 మందిని సైన్యం తీసేసింది. అధ్యక్షుడు గుస్మావ్ టీవీలో మాట్లాడుతూ ఆ తొలగింపును తప్పుబట్టారు. తూర్పు, పడమర అన్న చీలికను చల్లార్చాల్సిన చోట ఆ ప్రసంగం ఇంకాస్త రాజేసింది. సైన్యం, పోలీసులు ఒకరినొకరు కాల్చుకున్నారు. లక్షన్నర మంది ఇళ్లు వదిలారు. ప్రధాని, ఫ్రెటిలిన్ నేత మరి అల్కతిరి జూన్‌లో రాజీనామా చేశారు. తిరుగుబాటు అధికారి రెయినాదోతో వ్యవహరించడంలో అధ్యక్షుడు సంయమనం పాటించి, సంస్థాగత మార్గాలను గౌరవించాల్సిందని ఐరాస విచారణ సంఘం తేల్చింది. 1987లో పార్టీని దాటి నేరుగా జనంతో మాట్లాడినప్పుడు దేశం ఒక్కటైంది. 2006లో సంస్థలను దాటి అదే పని చేస్తే దేశం చీలింది.

తర్వాత ఆయనే ఒక పార్టీ పెట్టారు. పాత ప్రతిఘటన వేదికకున్న సీఎన్ఆర్‌టీ అన్న పొట్టి పేరే దానికీ వచ్చేలా పేరు పెట్టుకున్నారు. 2007 ఎన్నికల్లో ఫ్రెటిలిన్‌కు 21, సీఎన్ఆర్‌టీకి 18 సీట్లు వచ్చినా, కూటమి కట్టి ప్రధాని అయ్యారు. 2008 ఫిబ్రవరి 11న రెయినాదో మనుషులు అధ్యక్షుడు రామోస్ హోర్టాను కాల్చి తీవ్రంగా గాయపరిచారు. అదే ఉదయం గుస్మావ్ కాన్వాయ్ మీదా దాడి జరిగింది, ఆయన క్షేమంగా బయటపడ్డారు. ఆ గండం గడిచాక శిబిరాల్లోని జనాన్ని పరిహారమిచ్చి ఇళ్లకు పంపారు, మాజీ యోధులకు పెన్షన్లు ఇచ్చారు. చమురు డబ్బుతో శాంతి కొన్నారని విమర్శ ఉంది. శాంతి మాత్రం నిలిచింది.

స్వాతంత్ర్యం తర్వాత గుస్మావ్ చేసిన పనుల్లో మేలైనది సముద్ర సరిహద్దు పోరాటమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. తిమోర్ సముద్రంలోని చమురు, గ్యాస్‌ను ఆస్ట్రేలియా 1989లోనే ఇండోనేషియాతో పంచుకుంది. కొత్త దేశం పుట్టాక కూడా రెండు తీరాలకూ సమదూరంలో ఉండే మధ్యరేఖ ప్రకారం హద్దు గీయడానికి ఒప్పుకోలేదు. పైగా 2004లో, చర్చల సమయంలో, సహాయ పథకం ముసుగులో ఆస్ట్రేలియా గూఢచారులు దిలిలోని మంత్రివర్గ కార్యాలయంలో రహస్యంగా మైకులు పెట్టారన్న విషయం బయటపడింది. గుస్మావ్ ముఖ్య చర్చల ప్రతినిధిగా పట్టు వదల్లేదు. ఐరాస సముద్ర చట్టం కింద తప్పనిసరి రాజీ ప్రక్రియను తొలిసారి వాడుకున్నది తిమోరే. 2018 మార్చి 6న న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది, హద్దు చాలావరకు మధ్యరేఖకు వచ్చింది.

అదే పట్టుదల గ్రేటర్ సన్‌రైజ్ గ్యాస్ క్షేత్రం దగ్గర ప్రమాదకరంగా కనిపిస్తుంది. గ్యాస్ పైపు తిమోర్ దక్షిణ తీరానికే రావాలి, అక్కడే పరిశ్రమలు లేవాలి అన్నది ఆయన కల. అందుకోసం 2019లో 65 కోట్ల డాలర్లు పెట్టి 56.56 శాతం వాటా కొనిపించారు. గ్యాస్ ఇంకా సముద్రం అడుగునే ఉంది. ఇన్నాళ్లూ ఖజానా నింపిన బాయు ఉందన్ క్షేత్రంలో ఉత్పత్తి 2025లో ఆగిపోయింది. దేశం ఇప్పుడు 2005లో పెట్టుకున్న పెట్రోలియం నిధిని తింటూ బతుకుతోంది. ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది పోషకాహార లోపంతో ఎదుగుదల ఆగిపోయినవాళ్లు. దక్షిణ తీరంలో వేసిన పెద్ద రోడ్డు కంటే ఆ పిల్లల పళ్లెం ముఖ్యమని ఎవరైనా ఆయనకు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

2015లో మాత్రం ప్రధాని పదవిని ప్రత్యర్థి ఫ్రెటిలిన్‌కు చెందిన రూయి అరావుజోకు తనంతట తానే అప్పగించి ఆశ్చర్యపరిచారు. యువతరానికి బాట వేస్తున్నారనుకున్నారు. కానీ కీలక మంత్రిగా పెత్తనం తన దగ్గరే ఉంచుకున్నారు. 2021లో, బాలికలపై అత్యాచారాల కేసులో ఉన్న మాజీ ఫాదర్ రిచర్డ్ డాష్‌బాక్ పుట్టినరోజుకు వెళ్లి పక్కన కూర్చోవడం క్షమించరానిది. తర్వాత కోర్టు ఆ వ్యక్తికి శిక్ష వేసింది. అయినా 2023 మే ఎన్నికల్లో సీఎన్ఆర్‌టీ 65లో 31 సీట్లు గెలిచింది, జూలై 1న గుస్మావ్ మళ్లీ ప్రధాని అయ్యారు. అధ్యక్షుడు రామోస్ హోర్టా, ప్రతిపక్ష నేత అల్కతిరి కూడా 1975 తరమే.

భారత్ కూడా ఆలస్యంగానైనా దగ్గరైంది. దిలిలో రాయబార కార్యాలయం తెరుస్తామని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది. 2024 ఆగస్టులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము అక్కడికి వెళ్లారు.

తిమోర్‌లో ఓటు హక్కు 17 ఏళ్లకే వస్తుంది. 2028లో పార్లమెంటు ఎన్నికలు జరగాలి, అప్పటికి గుస్మావ్‌కు దాదాపు 82 ఏళ్లుంటాయి. కార్ల కొనుగోలును వ్యతిరేకిస్తూ రోడ్డెక్కిన విద్యార్థులు ఆయన పేరు మీద దుమ్మెత్తిపోయలేదు, వ్యవస్థను ప్రశ్నించారు. ఎంపీల పెన్షన్ పోయింది. మాజీ యోధుల పెన్షన్ల భారం, గ్యాస్ పైపు ఎటు పోవాలన్న తగువు, నిధి ఎన్నాళ్లొస్తుందన్న లెక్క వాళ్ల ముందు ఇంకా అలాగే ఉన్నాయి.