వల బిగిస్తేనే అల్లిక: చర్మంలోని చక్కెర గొలుసులు

హయలురోనిక్ ఆమ్లం ఉన్న క్రీము రోజూ రాసుకుంటే ముడతలు పోతాయా అని విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే ఒక పెద్దావిడ నన్ను అడిగారు. సగం జవాబు నాకు పెదజాలరిపేట ఇసుకలో, చిరిగిన వల బాగుచేస్తున్న ఒక మత్స్యకారుడి దగ్గర దొరికింది. ఆయన వల అంచును కాలి బొటనవేలికి తగిలించి, బిగువుగా లాగి పట్టుకున్న తరువాతే సూది కదిపాడు. వేలి నుంచి జారి వల వదులైన ప్రతిసారీ చెయ్యి ఆగిపోయింది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణం తీరు కూడా ఇదే.

పేరులో ఆమ్లం ఉన్నా, 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి నుంచి వేరుచేసిన ఈ పదార్థం రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని వెంట ఒకటి వేలసార్లు కలిసిన పాలీశాకరైడ్, అంటే గొలుసులాంటి పిండిపదార్థం. మన బడుల్లో పిండిపదార్థాలంటే శక్తినిచ్చేవని చెప్పి ఊరుకుంటాం. ఒంటి కట్టడంలో చక్కెరలకున్న పాత్రను వదిలేయడం నాకు పెద్ద లోపంగా తోస్తుంది. 70 కిలోల మనిషిలో హయలురోనిక్ ఆమ్లం సుమారు 15 గ్రాములు ఉంటే, అందులో దాదాపు సగం చర్మంలోనే ఉంటుంది. రోజుకు మూడో వంతు విరిగిపోయి కొత్తగా తయారవుతుంది. కణపొరలోని సింథేజ్ ఎంజైము గొలుసును అల్లుతూనే బయటికి నెడుతుంది, సీడీ44 అనే గ్రాహకం దానిని కణానికి పట్టి ఉంచుతుంది. నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ ఉబ్బే జిగురు కూడా పాలీశాకరైడే కాబట్టి, ఈ గొలుసులు నీటిని ఎలా పట్టుకుంటాయో గ్లాసులోనే చూడవచ్చు.

అయితే లక్షల డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) బరువున్న గొలుసు చర్మపు పై పొరను దాటి లోపలికి దిగలేదు. కలబంద గుజ్జులోని అసిమన్నాన్ అనే పాలీశాకరైడ్‌కూ ఇదే అడ్డంకి. రెండూ పై పొరకు తేమనిస్తాయి, సన్నని గీతలను కొంతసేపు నింపుతాయి. ముడత పుట్టే చోటికి మాత్రం చేరవు.

ముడత పుట్టేది వల వదులైన చోట. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మకణాలు మేట్రిక్స్ మెటలోప్రొటీనేజ్ ఎంజైములను విడుదల చేస్తాయి, అవి కొల్లాజెన్ పోగులను తెగ్గోస్తాయి. పోగులను పట్టుకుని చాచుకుని ఉన్న ఫైబ్రోబ్లాస్ట్, పట్టు తప్పి ముడుచుకుంటుంది; ముడుచుకున్న కణం కొత్త కొల్లాజెన్‌ను తక్కువగా, కోసే ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. చిరుగు వల్ల వదులు, వదులు వల్ల మరింత చిరుగు: వయసు మీరిన చర్మంలో జరిగేది ఇదే.

2007లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఎండకు దెబ్బతిన్న ముంజేతి చర్మంలోకి గొలుసులను ఒకదానితో ఒకటి కలిపే అడ్డబంధాలతో గట్టిపరచిన హయలురోనిక్ ఆమ్లపు జెల్‌ను సూదితో ఎక్కించారు. పోల్చి చూడడానికి ఉప్పునీటిని కూడా ఎక్కించారు. 4 వారాలకూ, 13 వారాలకూ తీసిన చర్మపు ముక్కల్లో జెల్ చుట్టూ కొత్త కొల్లాజెన్ కనిపించింది, అక్కడి ఫైబ్రోబ్లాస్టులు చాచుకుని ఉన్నాయి. జెల్ చోటు ఆక్రమించి చుట్టూ ఉన్న పోగులను లాగడమే కణాలను మళ్లీ పనిలో పెట్టిందని వారు వివరించారు. ఇక్కడ చక్కెర గొలుసు చేసింది వలను బిగించే బొటనవేలి పని. సూది కదిపింది కణమే.

పెద్దావిడకు ఈ మాటే చెప్పి, క్రీము తేమ కోసం రాసుకోమన్నాను, వలను తెంపే ఎండ నుంచి కాపాడుకోవడానికి నడకను ఏడు గంటలలోపు ముగించమన్నాను.