హామీ పత్రం రాసిచ్చాక కూడా పెళ్లెలా అవుతోంది?

రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి చదివే 13 ఏళ్ల పాపను 40 ఏళ్ల మనిషికి కట్టబెట్టిన సంగతి 2025లో బయటపడింది. చెప్పింది ఆ పాపే, తన టీచరుకు. ముహూర్తాలు వచ్చినప్పుడల్లా ఇలాంటి వార్త ఒకటి వస్తూనే ఉంది. చట్టం ఉండగా ఎందుకు ఆగడం లేదని మళ్లీ అడుగుతున్నారు.

కందుకూరి కాలం, శారదా చట్టం అందరూ చదువుకున్నవే. ఇప్పటి గొడవ తెలియాలంటే 1991 నుంచి చూస్తే చాలు. ఆ ఏడాది హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్‌హోస్టెస్ పలకరించింది. పక్క సీట్లో ఉన్న అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు ఆమె భర్త అని తేలింది. దేశమంతా గగ్గోలెత్తింది. కానీ అప్పటికి అమల్లో ఉన్న ఆ శారదా చట్టం బాల్యవివాహం చేసినవాళ్లను శిక్షించేదే తప్ప, వయసు చాలలేదని ఆ పెళ్లిని రద్దు చేసేది కాదు. ముందు తాళి కట్టించేస్తే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరన్న ధీమా అక్కడిదే.

ఆ ధీమాను దెబ్బతీసింది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం. రెండేళ్ల జైలు, లక్ష జరిమానా గురించి అందరూ చెబుతారు. అసలు బలం 13, 14 సెక్షన్లలో ఉంది. పెళ్లి జరగబోతోందని తెలిస్తే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ నిషేధ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అత్యవసరమైతే అవతలివాళ్లకు నోటీసు కూడా అక్కర్లేదు. ఆ ఉత్తర్వును కాదని తాళి కట్టినా ఆ పెళ్లి చెల్లదు.

చాలాచోట్ల జరిగేది వేరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తుంది. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్, పోలీసులు వెళ్తారు. గుమ్మానికి మామిడాకులు, పెరట్లో వంట గిన్నెలు. పాప చేతికి గోరింటాకు ఇంకా ఆరి ఉండదు. కౌన్సెలింగ్ చేసి, ‘18 నిండేదాకా పెళ్లి చేయం’ అని తండ్రితో రాయించి, ఇద్దరు పెద్దమనుషులతో సాక్షి సంతకాలు పెట్టించుకుని వెనక్కి వస్తారు. టెంట్ విప్పేస్తారు. నాలుగు రోజులు పోయాక పాపను పిన్ని వాళ్ల ఊరు పంపిస్తారు. అక్కడి గుడిలో తెల్లవారకముందే పని కానిచ్చేస్తారు.

హామీ పత్రానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. ఆ పత్రాన్ని కాదని చేసిన పెళ్లి తనంతట తాను రద్దు కాదు. అమ్మాయి గానీ, మైనరైతే ఆమె తరఫువాళ్లు గానీ జిల్లా కోర్టుకు వెళ్లాలి, అదీ ఆమెకు ఇరవై ఏళ్లు నిండేలోపు. చేతిలో రూపాయి లేని, అత్తవారింట్లో ఉన్న పిల్లను ఎవరు తీసుకెళ్తారు? ఎత్తుకెళ్లి, మోసం చేసి, అమ్మేసి చేసిన పెళ్లిళ్లు మాత్రం 12వ సెక్షన్ కింద మొదటి నుంచే చెల్లవు.

అమ్మానాన్నలు చెప్పేది కూడా ఉంది. కూలికి పోతే పిల్లకు కాపలా ఎవరని, ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనని టెన్షన్. ఆ భయం నిజమే కావచ్చు. కానీ దాని ఖరీదు కట్టేది పాప. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు కూడా ముందుగా ఆపడమే ముఖ్యమంది. మేజిస్ట్రేట్లు తమంతట తామే నిషేధ ఉత్తర్వులు ఇవ్వాలని చెప్పింది.

18 దాటిన అమ్మాయిని బెదిరించి పెళ్లి చేసినా దారి ఉంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, ఆ బలవంతం ఆగిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయొచ్చు. మైనరైతే 1098. ఫోన్ చేసేవాళ్లు ఊరు, ముహూర్తం తేదీ, బడి రికార్డులో ఉన్న పుట్టినరోజు చెప్పాలి. వచ్చిన అధికారిని ‘మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేశారా?’ అని అడగాలి.