డిస్కు కనబడకపోతే తప్పు డ్రైవర్‌దేనా? హెచ్‌బీఏ కార్డుల మీద అపోహలు - వాస్తవాలు

బరంపురంలో సర్వర్లు, స్టోరేజీ చూసుకోవడం నా పని. ఇటు ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి, అటు బోర్డర్ దాటి ఇచ్ఛాపురం, సోంపేట నుంచి ఫోన్లు వస్తుంటాయి. పెళ్లి వీడియోలు దాచుకునే స్టూడియోల వాళ్లు, స్కానింగ్ సెంటర్ల వాళ్లు, కాలేజీ ల్యాబ్‌ల వాళ్లు. ఎవరు చేసినా మొదట అనే మాట ఇదే: "మేస్టారూ, డ్రైవర్ పోయినట్టుంది."

డ్రైవర్ పోవడం చాలా అరుదు. కార్డులో ఫర్మ్‌వేర్ (కార్డుని నడిపే లోపలి ప్రోగ్రామ్) ఉంటుంది, కెర్నల్‌లో, అంటే ఓఎస్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్‌లో, డ్రైవర్ ఉంటుంది, కేబుల్ చివర డిస్కు ఉంటుంది. తప్పు ఎక్కడుందో కెర్నల్‌ని అడిగి తెలుసుకోకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెడితే, బాగున్న డేటా కూడా చేజారుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మదర్‌బోర్డు మీది సాటా పోర్టులు చాలనప్పుడు పీసీఐఈ స్లాట్‌లో పెట్టుకునే కార్డే హెచ్‌బీఏ (హోస్ట్ బస్ అడాప్టర్). మన వైపు ఎక్కువగా కనిపించేవి పాత సర్వర్ల నుంచి తీసిన, ఎల్‌ఎస్ఐ సాస్2008 చిప్ ఉన్న సెకండ్ హ్యాండ్ కార్డులు. అవి మంచి కార్డులే. కాబట్టి ఇక్కడ చెప్పేది లినక్స్‌లో వాటి సంగతి.

అపోహ: కార్డు మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీ డ్రైవర్ వెతికి వేసుకోవాలి.

వాస్తవం: స్టిక్కర్ మీద ఏముందో కెర్నల్‌కి అనవసరం. అది చూసేది పీసీఐ ఐడీ, అంటే కార్డు తన గురించి చెప్పుకునే నంబరు, ఒక్కటే. స్లాట్లలోని కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో నడపండి. కార్డు పక్కన 1000:0072 అని కనిపిస్తే దాన్ని ఎంపీటీ3సాస్ డ్రైవర్ తీసుకుంటుంది. 1000:0073 అని కనిపిస్తే మెగారెయిడ్ సాస్ డ్రైవర్ తీసుకుంటుంది. చిప్ రెండింటిలోనూ అదే సాస్2008. తేడా అంతా ఫర్మ్‌వేర్‌లో ఉంది. ఐబీఎం ఎం1015 కార్డు రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) ఫర్మ్‌వేర్‌తో వచ్చినప్పుడు 0073 అని చెప్పుకుంటుంది. దానిమీద డిస్కుల్ని కలపకుండా దేనికదే చూపే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ రాస్తే 0072 అవుతుంది, డ్రైవర్ దానంతటదే మారిపోతుంది. డిస్కులు ఒక్కొక్కటిగా కనబడాలంటే మార్చాల్సింది ఫర్మ్‌వేర్‌ని. డ్రైవర్‌ని ఎన్నిసార్లు కంపైల్ చేసినా ఆ పని జరగదు. ఒక జాగ్రత్త: రెయిడ్ ఫర్మ్‌వేర్ కింద తయారైన వాల్యూమ్‌లో డేటా ఉంటే, దాన్ని వేరేచోట కాపీ చేసుకున్నాకే ఫ్లాష్ చేయండి.

ఇంకా పాత సాస్1068ఈ చిప్‌దీ ఇలాంటి కథే. 4 టీబీ డిస్కు పెట్టినా సుమారు 2.2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. అది చిప్ పరిమితి, ఏ కెర్నల్ వెర్షనూ దాటించలేదు.

అపోహ: ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక కార్డు కనబడలేదు, అంటే కార్డు కాలిపోయింది.

వాస్తవం: రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్స్ 8వ వెర్షన్‌లో సాస్2008తో సహా కొన్ని పాత కార్డుల ఐడీలను డ్రైవర్ నుంచి తీసేసింది. మామూలు లినక్స్ కెర్నల్‌లో ఆ సపోర్టు అలాగే ఉంది. ఎల్‌ఎస్‌పీసీఐలో కార్డు కనిపిస్తూ, ఏ డ్రైవర్ వాడుతోందో చెప్పే లైను మాత్రం లేకపోతే, కార్డు బతికే ఉంది, దాన్ని పట్టించుకునే డ్రైవరే లేదు. ఈఎల్‌రెపో అనే బయటి రిపాజిటరీలో దొరికే మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ ఫైలు) వేసుకోవచ్చు, లేదా డెబియన్, ఉబుంటు లాంటి వాటికి మారొచ్చు. బయటి మాడ్యూల్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, కెర్నల్ నమ్మే సంతకం లేని మాడ్యూల్‌ని అది లోపలికి రానివ్వదు. అప్పుడూ జనం కార్డునే తిడతారు.

అపోహ: డ్రైవర్ ఆప్షన్లు రాసుకునే మోడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో ఆప్షన్ రాసి రీబూట్ చేస్తే సెట్టింగ్ అయిపోయినట్టే.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే చిక్కు ఇదే. చాలా సర్వర్లలో స్టోరేజీ డ్రైవర్ అసలు రూట్ డిస్కు మౌంట్ కాకముందే, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఇమేజ్) లోంచి లోడ్ అవుతుంది. మీరు రాసిన ఫైలు ఆ ఇమేజ్‌లో లేకపోతే డ్రైవర్‌కి ఆ సంగతే తెలియదు. డెబియన్, ఉబుంటులో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కమాండ్, రెడ్ హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ నడిపి ఇమేజ్ మళ్లీ తయారుచేయాలి. డ్రైవర్‌ని కెర్నల్‌లోనే కలిపి కట్టి ఉంటే మోడ్‌ప్రోబ్ ఫైల్‌తో పనే లేదు. డ్రైవర్ పేరు, చుక్క, ఆప్షన్ పేరు కలిపి బూట్ లైన్‌లో ఇవ్వాలి.

పేరు విషయంలోనూ తికమక ఉంది. ఎంపీటీ2సాస్ అనే పాత డ్రైవర్‌ని 4.4 కెర్నల్‌లో ఎంపీటీ3సాస్‌లో కలిపేశారు. పదేళ్ల కిందటి గైడ్ చూసి పాత పేరుతో రాసిన ఆప్షన్ కొత్త డ్రైవర్‌కి అందదు. ఎర్రర్ కూడా రాదు, నిశ్శబ్దంగా వదిలేస్తుంది. అందుకే రాసిన ఫైల్‌ని నమ్మకండి. సిస్ అనే ఫోల్డర్ కింద మాడ్యూల్, అందులో డ్రైవర్ పేరు, అందులో పారామీటర్స్ ఫోల్డర్ తెరిచి, నడుస్తున్న విలువ ఎంతో చదవండి.

అపోహ: క్యూ డెప్త్ (డిస్కుకి ఒకేసారి పంపే కమాండ్ల సంఖ్య) పెంచితే స్పీడ్ పెరుగుతుంది.

వాస్తవం: సాటా డిస్కు ఒకేసారి 32 కమాండ్లకు మించి తీసుకోలేదు. డ్రైవర్‌లో 1000 అని రాసినా అంతే. డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్‌లో కలిపితే వేగం వస్తుందన్నదీ ఇలాంటి మాటే. రెండు చోట్లా నడిచేది అదే కోడ్. సొంతంగా కెర్నల్ కట్టేవాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది: కార్డు డ్రైవర్‌తో పాటు స్కజీ డిస్క్ సపోర్ట్ కూడా ఎంచుకున్నారా లేదా. అది లేకపోతే లాగ్‌లో కార్డు చక్కగా కనిపిస్తుంది, ఎస్‌డీఏ, అంటే డిస్కుకి లినక్స్ పెట్టే పేరు, మాత్రం పుట్టదు.

అపోహ: ఎర్రర్ లైన్‌లో డ్రైవర్ పేరుంది కాబట్టి తప్పు డ్రైవర్‌దే.

వాస్తవం: కబురు మోసుకొచ్చిన మనిషినే దోషి అన్నట్టు ఉంటుంది ఇది. ఎంపీటీ3సాస్ లాగ్‌లో లాగ్ ఇన్ఫో అనే లైను వస్తే, అందులో ఒరిజినేటర్ పక్కన ఏముందో చూడండి. పీఎల్ అని ఉంటే ప్రోటోకాల్ లేయర్ అని. ఎక్కువసార్లు కార్డుకీ డిస్కుకీ మధ్య దారిలో, లేదా డిస్కులోనే ఇబ్బంది ఉందన్నమాట. తర్వాత ఎన్ని డిస్కులు పోయాయో లెక్కపెట్టండి. ఒక్కటే పోతే ఆ డిస్కు, దాని కేబుల్, దాని పవర్ పిన్ను. నాలుగూ ఒకేసారి పోతే, ఒక ఎస్ఎఫ్ఎఫ్-8087 కనెక్టర్‌లో నాలుగు దారులుంటాయి కాబట్టి, ముందు ఆ కేబుల్‌ని అనుమానించండి. మొత్తం ఎనిమిదీ పోతే కార్డు, వేడి, పవర్ సప్లై.

స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 199వ నంబర్ సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో డేటా చెడిన సార్లు. అది ఎప్పటికీ తగ్గదు, పెరుగుతోందా అన్నదే చూడాలి. పెరుగుతుంటే కేబుల్ మార్చండి. పాడైన, చదవలేని సెక్టార్లని లెక్కపెట్టే 5, 197 నంబర్లు పెరుగుతుంటే డిస్కు మార్చే టైమొచ్చింది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి తగిలే చోట్ల కనెక్టర్ల మీద నల్లటి పొర కడుతుంది. పీకి తుడిచి మళ్లీ గట్టిగా నొక్కితే, నెలల తరబడి వస్తున్న ఎర్రర్లు ఆగిపోయిన సందర్భాలు చూశాను. ఇక వేడి. ఈ కార్డుల మీద హీట్‌సింకే ఉంటుంది, ఫ్యాన్ ఉండదు. సర్వర్ లోపలి గాలిని నమ్ముకుని చేసినవి. మామూలు డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో పెడితే మే నెలలో చేయి పెట్టలేం. కార్డుకి ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ తప్పనిసరిగా పెట్టించండి.

అపోహ: డిస్కు బాగానే ఉంది, అయినా రెయిడ్ నుంచి బయటికి వెళ్లిపోతోంది, కాబట్టి డ్రైవర్ బగ్.

వాస్తవం: ఇది టైమింగ్ గొడవ. కెర్నల్ ఒక కమాండ్ కోసం మామూలుగా 30 సెకన్లు ఆగుతుంది. డెస్క్‌టాప్ డిస్కు చదవలేని సెక్టార్ ఎదురైతే నిమిషం, రెండు నిమిషాలు కూడా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఈలోగా కెర్నల్ విసిగి రీసెట్ కొడుతుంది, రెయిడ్ ఆ డిస్కుని బయటికి నెట్టేస్తుంది. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె) కోసం చేసిన డిస్కుల్లో ఈ గడువు సాధారణంగా 7 సెకన్లు. డిస్కు ఒప్పుకుంటే స్మార్ట్‌కంట్రోల్ కమాండ్‌తో ఈ గడువుని నిర్ణయించే ఎస్‌సీటీ ఈఆర్‌సీ విలువ 70 పెట్టండి, అది సెకనులో పదో వంతుల లెక్క. ఒప్పుకోకపోతే, కెర్నల్ ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే డిస్కు టైమవుట్ ఫైల్‌లో 180 రాయండి. కరెంటు పోయి వస్తే చాలా డిస్కులు ఈఆర్‌సీని మర్చిపోతాయి, టైమవుట్ కూడా రీబూట్‌తో పాతదానికి వస్తుంది. బూట్ అయిన ప్రతిసారీ నడిచేలా పెట్టకపోతే మన ఊళ్లలో అది వారం కూడా నిలవదు.

అపోహ: రైట్ క్యాష్ ఫైల్‌లో "రైట్ త్రూ" (క్యాష్‌లో ఆపకుండా నేరుగా రాయడం) అని రాస్తే కరెంటు పోయినా డేటా భద్రం.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. సిస్ బ్లాక్‌లో డిస్కు కింద క్యూ ఫోల్డర్‌లో ఉండే ఆ ఫైలు కెర్నల్ అభిప్రాయాన్ని మాత్రమే మారుస్తుంది. డిస్కు లోపలి క్యాష్ ఆన్‌లోనే ఉంటుంది. పైగా ఇక క్యాష్ లేదని నమ్మిన కెర్నల్, డిస్కుకి ఫ్లష్ కమాండ్ (క్యాష్‌లో ఉన్నదంతా ఇప్పుడే డిస్కు మీద రాసెయ్ అని చెప్పడం) పంపడం మానేస్తుంది. అంటే ఉన్న రక్షణ కూడా పోయినట్టే. మామూలుగా వదిలేస్తే, ఫైల్ సిస్టమ్ అడిగిన ప్రతిసారీ ఫ్లష్ వెళ్తుంది, మాట నిలబెట్టుకునే డిస్కు దాన్ని పాటిస్తుంది. క్యాష్ నిజంగా ఆపాలంటే హెచ్‌డీపార్మ్ కమాండ్‌లో డబ్ల్యూ ఆప్షన్‌కి 0 ఇవ్వాలి. రాయడం నెమ్మదిస్తుంది, కానీ అది డిస్కుకే చెప్పిన మాట.

ఐటీ మోడ్ కార్డులో సొంత క్యాష్ గానీ, బ్యాటరీ గానీ ఉండవు. అందుకే దానికి యూపీఎస్ కావాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన వాళ్లకి కరెంటు ఎన్నాళ్లు రాదో నేను చెప్పక్కర్లేదు. యూపీఎస్ కొని ఊరుకోకుండా, బ్యాటరీ అడుగంటేలోగా సర్వర్ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా యూఎస్‌బీ కేబుల్ కలిపి సాఫ్ట్‌వేర్ పెట్టించుకోండి. తుపాన్లు వచ్చే అక్టోబర్‌కి ముందే, సెప్టెంబర్‌లోనే ఒకసారి ప్లగ్ పీకి, నిజంగా షట్‌డౌన్ అవుతోందో లేదో చూసుకోండి.